మరుగు లేని చోటు ఆశ్రయమవుతుందా?

1990 మే నెల తుఫానప్పుడు నాకు పదేళ్ళు. మాది కృష్ణా జిల్లాలో సముద్రానికి కాస్త ఎగువన ఉన్న ఊరు. పొద్దున్నించీ రిక్షాకి మైకు కట్టి, సాయంత్రంలోగా అందరూ హైస్కూలు బిల్డింగుకి చేరుకోవాలని చెబుతూ తిరిగారు. ఆ రోజు అమ్మ చేసిన పనులన్నీ నాకు గుర్తే. బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కించింది. రేషన్ కార్డునీ, పొలం కాగితాల్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టి నడుముకి కట్టుకుంది. గేదె పలుపు విప్పేసింది. అన్నీ అర్థమయ్యాయి గానీ ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మధ్యాహ్నం నుంచి అమ్మ మంచినీళ్ళు ముట్టుకోలేదు. మే నెల ఉక్కలో, ఒళ్ళంతా చెమటలు కారుతుంటే, "దాహం లేదు" అంది. పిన్ని కూడా అదే మాటంది.

ఆ రాత్రి స్కూల్లో మేం పడుకున్న గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కలేదు. కాళ్ళు చాపుకోవటానికి చోటు లేదు. కరెంటు ఎప్పుడో పోయింది. దొడ్లు ఆటస్థలం అవతలి చివర. మధ్యలో మోకాలి లోతు నీళ్ళు, చెట్లు విరిగిపడుతున్న చప్పుడు. మగవాళ్ళు వరండా చివరికి వెళ్ళి వస్తున్నారు. ఆడవాళ్ళు మాత్రం ఒక్కరూ లేవలేదు. తెల్లారి వాన కాస్త తెరిపిచ్చాక పదిమంది స్త్రీలు గుంపుగా బయటికి నడిచి వెళ్ళటం చూశాను. అమ్మకి దాహం ఎందుకు లేదో నాకు తెలియటానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ముప్ఫై ఏళ్ళు దాటాక, పరిశోధన పని మీద తీరప్రాంత గ్రామాలు తిరుగుతూ అదే మాట మళ్ళీ విన్నాను. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత కొన్ని వారాలకి ఒక మత్స్యకార పల్లెలో స్త్రీలతో కూర్చున్నాను. ఆ పల్లెకి తుఫాను షెల్టర్ ఉంది. స్తంభాల మీద కట్టిన పక్కా బిల్డింగు. నేను వెళ్ళిన రోజు దానికి తాళం వేసి ఉంది. "హెచ్చరిక రాగానే మీరు ముందుగా చేసే పనేమిటి?" అని అడిగాను. మగవాళ్ళు వలలూ పడవలూ పైకి లాగుతారట. ఒక నడివయసు స్త్రీ నవ్వుతూ, "మేం నీళ్ళు తాగటం మానేస్తాం మేడమ్" అంది. మిగతావాళ్ళూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వాళ్ళలో ఒక మామ్మ ఉంది. 1977 ఉప్పెనలో తోబుట్టువుల్ని పోగొట్టుకున్న మనిషి. ఉప్పెనంటే ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా మొన్న తుఫానుకి ఆమె షెల్టర్‌కి పోలేదు. ఎందుకని అడిగితే, "ఆ మెట్లెక్కి పోయి, అంతమంది మగోళ్ళ మధ్యన, రాత్రికి నాలుగుసార్లు లేవాల్సిన దాన్ని ఏడకి పోయేదమ్మా? ఇంట్లో ఉంటే చచ్చినా నా గుమ్మంలో చస్తా" అంది. ఈ మాటని మూర్ఖత్వమనో, ముసలితనపు పట్టుదల అనో కొట్టిపారేయటం తేలిక. అధికారుల నివేదికల్లో దీన్ని 'ప్రజల్లో అవగాహనా లోపం' అని రాస్తారు. నేను మాత్రం ఇది ఆమె ఆలోచించి చేసిన నిర్ణయం అంటాను. లోపం ఆమె అవగాహనలో లేదు, బిల్డింగులో ఉంది.

చెప్పదలచుకున్నది ఇదే. ప్రాణం కాపాడే చోటులో సౌకర్యం గురించి మాట్లాడటం విలాసం కాదు. స్త్రీలు ఒక రాత్రి గడపలేని ఆశ్రయానికి స్త్రీలు రారు. వచ్చినా ఆఖరి నిమిషంలో వస్తారు. ఆ ఆఖరి నిమిషంలోనే చాలామంది ప్రాణాలు పోతాయి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో దాదాపు 10 వేల మంది చనిపోయారు. 1990 మే తుఫాను కూడా చాలా తీవ్రమైనదే. అయినా ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించటం వల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపల ఆగింది. పక్కనున్న ఒడిశాలో 1999 అక్టోబర్ మహా తుఫానుకి సుమారు 10 వేల మంది బలైతే, 2013 అక్టోబర్‌లో ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షల మందిని కదిలించి, మరణాల్ని పదుల్లోకి తగ్గించగలిగారు. వాతావరణ హెచ్చరికలు మెరుగుపడ్డాయి. జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకం మొదటి దశ 2011లో మన రాష్ట్రంలోనూ ఒడిశాలోనూ మొదలై, తీరం పొడవునా కొత్త షెల్టర్లు వచ్చాయి. ఇదంతా సాధించిందే.

కానీ 'ఎంతమంది' అనే లెక్క దగ్గరే ఆగిపోతే 'ఎవరు' అనే ప్రశ్న మిగిలిపోతుంది. 1991 ఏప్రిల్ 29న బంగ్లాదేశ్ తీరాన్ని ముంచిన తుఫానులో దాదాపు లక్షా 40 వేల మంది చనిపోయారు. 20 నుంచి 44 ఏళ్ళ వయసు వాళ్ళని తీసుకుంటే, ప్రతి వెయ్యి మంది పురుషుల్లో 15 మంది చనిపోగా, స్త్రీలలో వెయ్యికి 71 మంది చనిపోయారు. గాలికీ నీటికీ ఆడా మగా తేడా తెలియదు. ఆ తేడా తెలిసింది మన సమాజానికి. భర్త వచ్చి పదమనే దాకా ఇల్లు కదలకూడదనే కట్టుబాటు, పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకోవాల్సిన భారం, నీళ్ళలో కాళ్ళకి చుట్టుకునే చీర, వీటితో పాటు పరాయి మగవాళ్ళతో కిక్కిరిసిన గదిలో రాత్రంతా ఉండాలంటే జంకు. ఈ నాలుగో కారణం నేరుగా బిల్డింగు నమూనాకి సంబంధించినది. ఇంజనీరు చేతిలో ఉన్నది.

ఒక షెల్టర్ నమూనాని కాస్త పట్టి చూడండి. కింద స్తంభాలే ఉంటాయి, ఉప్పెన వస్తే నీళ్ళు వాటి మధ్యగా సాగిపోతాయని. కొన్నింటిని గుండ్రంగా కడతారు, గాలి ఒత్తిడి తగ్గుతుందని. గాలి గంటకి ఎన్ని కిలోమీటర్ల వేగంతో వస్తుంది, నీళ్ళు ఎంత ఎత్తుకి లేస్తాయి, ఉప్పు గాలికి ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుంది, అన్నీ లెక్క వేస్తారు. చాలా జాగ్రత్తయిన లెక్కే. లోపలికి వచ్చే మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటే లెక్క: తలకి ఇంత చోటు. ఆ తల ఎవరిది? చంటిబిడ్డకి పాలివ్వాల్సిన తల్లిదా, నెలసరిలో ఉన్న ఆడపిల్లదా, తొమ్మిదో నెల గర్భిణిదా, చేతికర్ర లేనిదే నడవలేని ముసలమ్మదా? లెక్కలో ఉన్న మనిషి బహిష్టు కాడు, బిడ్డని కనడు, గోడ పక్కన నిలబడి పని కానిస్తాడు. పేరు రాయలేదు గానీ ఆ మనిషి మగవాడే.

నేను చూసిన కొన్ని షెల్టర్లలో మరుగుదొడ్లు కిందే కట్టారు. ఉప్పెన వచ్చే రోజున ఆ కిందే నీళ్ళలో మునుగుతుంది! ఒకచోట పైనే ఉన్నాయి గానీ తలుపుకి లోపలి గడియ లేదు. ఇంకోచోట స్త్రీల దొడ్డికి దారి మగవాళ్ళు పడుకునే హాలు మధ్య నుంచి. మన భాషలో దాని పేరే మరుగుదొడ్డి. ఆ మాటలోంచి మరుగు తీసేస్తే మిగిలేది దొడ్డి. పశువుల్ని తోలే చోటుకి కూడా మనం దొడ్డి అనే అంటాం.

మరుగుదొడ్డి లేదన్న సాకుకి పెద్ద చరిత్రే ఉంది. స్త్రీలు అడుగు పెట్టాలనుకున్న ప్రతిచోటా, కోర్టుల నుంచి కర్మాగారాల దాకా, ఈ సాకు ఎదురైంది. ఆఖరికి అంటార్కిటికాకి వెళ్ళాలనుకున్న శాస్త్రవేత్తలకి కూడా. అక్కడ వసతులు లేవని అమెరికా నౌకాదళం 1969 దాకా స్త్రీలని ఆ మంచు ఖండానికి తీసుకెళ్ళలేదు. వసతులు ఏర్పాటు చేయటం అసాధ్యమయ్యా? కాదు. అక్కడికి స్త్రీ వస్తుందని ఎవరూ ఊహించలేదు, అంతే. తర్వాత ఊహించారు. మనదేశం నుంచి సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ 1983లో బయల్దేరిన యాత్రలో అంటార్కిటికాకి వెళ్ళారు. 2012లో మనవాళ్ళు అక్కడ 'భారతి' కేంద్రాన్ని 134 ఓడ కంటైనర్లతో కట్టారు. ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి 2016 నుంచి 2017 దాకా 400 రోజులకి పైగా అక్కడ గడిపారు. ఆ 23 మంది బృందంలో ఆమె ఒక్కరే స్త్రీ. గడ్డకట్టే చలిలో, నెలల తరబడి చీకట్లో కంటైనర్ల మధ్య మనిషి బతకగలిగే చోటుని తయారుచేయగలిగిన దేశానికి, దివిసీమలో లోపలి గడియ ఉన్న నాలుగు తలుపులు బిగించటం చేతకాదంటే నేను నమ్మను.

అంటార్కిటికా ఇంకో పాఠం కూడా చెబుతుంది. గోడలూ గడియలూ మాత్రమే సరిపోవు. అక్కడి అమెరికా కేంద్రాల మీద 2022లో వెలువడిన నివేదికలో, తాము లైంగిక వేధింపులకో దాడికో గురయ్యామని 59 శాతం స్త్రీలు చెప్పారు. బయటికి పోవటానికి దారి లేని చోట, వేధించేవాడితోనే ఒకే కప్పు కింద ఉండాల్సిన చోట, ఫిర్యాదు వినే మనిషి కూడా కట్టడంలో భాగమే. మన షెల్టర్లో అర్ధరాత్రి ఒక ఆడపిల్లకి ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలి? నేను అడిగిన పల్లెల్లో ఈ ప్రశ్నకి ఒక్క స్త్రీ కూడా జవాబు చెప్పలేకపోయింది.

"ఒక్క రాత్రికి ఇన్ని హంగులా మేడమ్? ప్రాణాలు ముఖ్యమా, బాత్రూములు ముఖ్యమా?" ఒక సమావేశంలో ఒక అధికారి నన్ను సూటిగా అడిగారు. మర్యాదస్తుడే, పనిమంతుడే. ఆయన ప్రశ్నలో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, అది ఒక్క రాత్రి కాదు. ఇప్పుడు హెచ్చరికలు ముందుగా వస్తున్నాయి, జనాన్ని ముందుగానే తరలిస్తున్నారు. తుఫాను పోయాక కూడా ఇళ్ళలో నీళ్ళు దిగాలి. రెండు మూడు రోజులు అక్కడే ఉన్న స్త్రీలు నాకు తారసపడ్డారు. రెండు రోజులు నీళ్ళు తాగకుండా, మూత్రం ఆపుకుని ఉన్న మనిషికి ఏమవుతుందో ఏ ఏఎన్ఎమ్‌ని అడిగినా చెబుతుంది. ఆమె గర్భిణి అయితే ఇక చెప్పక్కర్లేదు. రెండో పొరపాటు, ప్రాణాల్నీ బాత్రూముల్నీ విడదీయటం. మా మామ్మ విషయంలో ఆ రెండూ ఒకటే.

పైగా మనం అడుగుతున్నది దయ కాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ సహాయ శిబిరాల్లో నీడ, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుధ్యం విషయంలో కనీస ప్రమాణాలు ఉండాలంటుంది. 61వ సెక్షన్ సహాయంలో స్త్రీపురుష, కుల, మత వివక్ష కూడదంటుంది. ఆ చట్టం ప్రకారం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఇచ్చిన ప్రమాణాల్లో, సహాయ శిబిరంలో మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, 30 మందికి ఒక మరుగుదొడ్డి, స్త్రీలకి శానిటరీ నాప్‌కిన్లు ఉన్నాయి. షెల్టర్ వేరు, సహాయ శిబిరం వేరు అని వాదించవచ్చు. కానీ అదే బిల్డింగు రెండో రోజుకల్లా శిబిరంగా మారిపోతున్నప్పుడు ఆ తేడా కాగితం మీదే మిగులుతుంది.

సరే, స్త్రీలకి వేరే గది కట్టేస్తే సరిపోతుందా? నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. పల్లెల్లో స్త్రీలే నా ఆలోచన సరిదిద్దారు. ముగ్గురు పిల్లలూ మంచం పట్టిన మామగారూ ఉన్న ఒకామె, "నన్నొక గదిలో, వాళ్ళనొక గదిలో పెడితే నేను నిద్రపోతానా?" అంది. గది ఉండాలి. అందులో ఉండాలా, కుటుంబంతో ఉండాలా అన్నది ఆమె ఇష్టమై ఉండాలి. రక్షణ పేరుతో స్త్రీలని ఒక మూల పెట్టి గొళ్ళెం పెట్టటం పితృస్వామ్యానికి బాగా అలవాటైన పని. గడియ లోపలివైపు ఉండాలని నేను ఇన్నిసార్లు అనటం అందుకే.

వాళ్ళు చెప్పినవి ఇంకా ఉన్నాయి. మేకలూ కోళ్ళూ ఎక్కడ పెట్టాలి? పడవా వలా భర్తవి. మేకా కోడీ మాత్రం ఆమె సొంతం. వాటిని వదిలి రమ్మంటే ఆమె ఆగిపోతుంది. బంగ్లాదేశ్‌లో పశువుల కోసం ఎత్తయిన మట్టి దిబ్బలు పోస్తారు, వాటిని కిల్లా అంటారు. మనమెందుకు పోయకూడదు? షెల్టర్ ఎవరి వాడలో ఉంది, ఎవరి ఇళ్ళ ముందు నుంచి నడిచి వెళ్ళాలి అన్నది దళిత స్త్రీలు లేవనెత్తిన ప్రశ్న. ఒక ఊళ్ళో వాళ్ళకి చోటు దొరికింది వరండాలోనే. లోపల ఖాళీ ఉందో లేదో వాళ్ళు అడగలేదు, అడగాలని కూడా అనిపించలేదట. కళ్ళు కనబడని ఒక స్త్రీ మాత్రం, "మెట్లకి ఒక పక్కన పట్టుకునే కమ్మీ పెట్టించండి చాలు" అంది. 'కనీస ప్రమాణాలు' అనే మాటకి నేను విన్న అన్నిటికన్నా స్పష్టమైన అర్థం అదే.

ఇక తాళంచెవి సంగతి. షెల్టర్ ఖాళీగా ఉంటే పాడవుతుంది. బడిగానో, అంగన్‌వాడీగానో, సంఘం సమావేశాలకో వాడుకోవాలనే ఉద్దేశంతోనే వాటికి 'బహుళ ప్రయోజన' అని పేరు పెట్టారు. ఆచరణలో తాళంచెవి పంచాయతీలో ఎవరో ఒక పురుషుడి జేబులో ఉంటుంది. లోపల ఎరువుల బస్తాలో, పెళ్ళి సామానో. తుఫాను ముందురోజు తాళం తీస్తే గబ్బిలాలు, విరిగిన పంపు, నీళ్ళు రాని కుళాయి. రోజూ స్త్రీలు మసలే చోటు అయితే మూడో రోజుకే కుళాయి సంగతి తెలిసిపోయేది. తాను ఎరిగిన చోటుకి మనిషి భయం లేకుండా వస్తుంది. మామ్మ ఆ మెట్లు మామూలు రోజుల్లో పదిసార్లు ఎక్కి ఉంటే, తుఫాను రోజున పదకొండోసారి ఎక్కేది.

బంగ్లాదేశ్ 1991 తర్వాత ఈ దారిలో కొంత నడిచింది. కొత్త షెల్టర్లలో స్త్రీలకి వేరే గదులు వచ్చాయి. తుఫాను హెచ్చరిక కార్యక్రమంలో ఇంటింటికీ తిరిగే వాలంటీర్లలో స్త్రీలని పెంచుకుంటూ పోయారు, ఇప్పుడు వాళ్ళు సగం మంది. మగవాళ్ళు, స్త్రీల మరణాల మధ్య తేడా ఆ తర్వాతి తుఫాన్లలో తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. అది చాలు, ఇది విధిరాత కాదని చెప్పటానికి.

మనల్ని మనం కూడా ఒక మాట అనుకోవాలి. స్త్రీల సంఘాలుగా, స్వచ్ఛంద సంస్థలుగా మనం ఎప్పుడు వెళుతున్నాం? తుఫాను పోయిన మూడో రోజున బియ్యం, దుప్పట్లు, చీరలతో. అది అవసరమే. కానీ టెండరు పిలిచే ముందు ఆ నమూనా చూపించమని అడిగిన సంఘాలు ఎన్ని? ప్లానులూ సిమెంటూ మన విషయం కాదని, హింస, కూలి, ఆస్తి హక్కు, ఇవే మన విషయాలని అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. గోడ ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం కూడా అధికారమే కదా!

అందుకని వచ్చే తుఫాను కాలానికి ముందే చేయగలిగినవి కొన్ని ప్రతిపాదిస్తున్నాను. ప్రతి సంఘం తన ఊరి షెల్టర్‌కి వెళ్ళి తాళం తీయించి చూడాలి. ఒక్కసారి చూసి రావటం కాదు, రాత్రిపూట, దీపాలార్పేసి, చంటిబిడ్డలతో సహా పదిమంది స్త్రీలు అక్కడ పడుకుని లేవాలి. తెల్లారేసరికి లోపాల జాబితా దానంతటదే తయారవుతుంది. దాన్ని తహసీల్దారుకి, కలెక్టరుకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. తాళంచెవుల్లో ఒకటి డ్వాక్రా సంఘం దగ్గర ఉండాలని గ్రామసభలో తీర్మానం చేయించాలి. కొత్తగా కట్టే ప్రతి షెల్టర్ నమూనానీ ఆ పల్లె స్త్రీల ముందు నేల మీద ముగ్గుతో గీసి చూపించకుండా ఆమోదించకూడదని పట్టుబట్టాలి. షెల్టర్ కమిటీలో స్త్రీలు సగం ఉండాలి. తుఫాను రాత్రి ఫిర్యాదు వినే బాధ్యత వాళ్ళలో ఎవరిదో అందరికీ తెలిసి ఉండాలి.

అమ్మకి ఇప్పుడు డెబ్బై దాటాయి. మొన్న మాటల్లో ఆ స్కూలు రాత్రి సంగతి ఎత్తితే, "ఇవన్నీ కూడా రాస్తారా?" అని సిగ్గుపడింది. రాయాలి. ఇంతకాలం ఎవరూ రాయలేదు కాబట్టే ఎవరూ కట్టలేదు. ఒక ఆశ్రయం బాగుందా లేదా అని తేల్చటానికి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది. హెచ్చరిక విన్న స్త్రీ, షెల్టర్‌కి బయల్దేరే ముందు, ఏ ఆలోచనా లేకుండా కుండలోంచి చెంబెడు మంచినీళ్ళు ముంచుకుని తాగగలగాలి.